డెస్క్‌టాప్ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును ఆండ్రాయిడ్ ఫోనుకు క్రాస్ కంపైల్ చేసే పద్ధతి

తిరుపతి బాలాజీ కాలనీలో మేం కూర్చునే టీ కొట్టుకు ఆదివారం పూట ల్యాప్‌టాప్ సంచులతో వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. కొందరు ఊళ్లో కాలేజీల వాళ్లు, కొందరు చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, లినక్స్‌లో బాగా నడిచే ప్రోగ్రాము ఫోన్లో ఎందుకు నడవదు?" కాగితం ముక్కల మీద రాసిచ్చి రాసిచ్చి విసుగొచ్చింది. అందుకే అంతా వరసగా ఇక్కడ పెడుతున్నాను. క్రాస్ కంపైల్ అంటే ఒక రకం మెషీనులో కూర్చుని ఇంకో రకం మెషీనులో నడిచే ప్రోగ్రామును కట్టడం.

ఉదాహరణకు ఎస్‌డీసీవీని తీసుకున్నాను. స్టార్‌డిక్ట్ నిఘంటువుల్లో మాటలు వెతికిపెట్టే టెర్మినల్ ప్రోగ్రాము అది. చిన్నదే గానీ దాన్ని కట్టాలంటే ఆటోటూల్స్, సీమేక్, మీసన్ అనే మూడు బిల్డ్ సాధనాలనూ తాకాల్సి వస్తుంది. మన పాఠానికి అదే కావాలి.

కాపీ చేసి అతికించే ఆదేశాలు ఇవ్వడం లేదు. వెర్షన్ మారగానే అవి పనికిరాకుండా పోతాయి. ఏ ఆప్షన్ ఎందుకు ఇవ్వాలో చెబుతాను. అసలు స్పెల్లింగు ఆయా ప్రాజెక్టుల రీడ్‌మీలో, హెల్ప్‌లో దొరుకుతుంది.

1. ముందు రెండు మెషీన్లను విడదీసుకోండి

కంపైల్ జరిగేది మీ ల్యాప్‌టాప్‌లో, ప్రోగ్రాము నడిచేది ఫోన్లో. వినడానికి ఇంతే. కానీ నా దగ్గరకు వచ్చే ఎర్రర్లలో ముప్పాతిక ఈ రెండూ కలగాపులగం కావడం వల్ల వచ్చినవే. ల్యాప్‌టాప్ హెడరు, ఫోను లైబ్రరీ ఒకే బిల్డులో దూరతాయి.

పేర్ల దగ్గరే మొదటి తికమక. ఆటోటూల్స్ భాషలో "బిల్డ్" అంటే కంపైల్ జరిగే మెషీను. "హోస్ట్" అంటే ప్రోగ్రాము నడవబోయే మెషీను, అంటే మన ఫోను. చాలామంది హోస్ట్ అంటే ల్యాప్‌టాప్ అనుకుంటారు. "టార్గెట్" అనేది కంపైలర్లను కట్టేవాళ్ల గొడవ, మనకు అక్కర్లేదు.

ఇంకో జంట పేర్లు కూడా జాగ్రత్త. జీలిబ్ వేరు, జీలిబ్‌సీ వేరు. జీలిబ్ అనేది గ్నోమ్ వాళ్ల సాధారణ లైబ్రరీ, దాన్ని మనం కడతాం. జీలిబ్‌సీ అనేది లినక్స్ ల్యాప్‌టాప్‌లోని సీ లైబ్రరీ. ఆండ్రాయిడ్‌లో అది ఉండదు, దాని బదులు బయోనిక్ ఉంటుంది.

2. సరంజామా

మొదలుపెట్టే ముందు ఇవన్నీ ఉన్నాయో లేదో టిక్ పెట్టుకోండి.

- 64 బిట్ లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్, కనీసం 10 జీబీ ఖాళీ. విండోస్ ఉంటే డబ్ల్యూఎస్‌ఎల్ 2 సరిపోతుంది.
- ఆండ్రాయిడ్ ఎన్‌డీకే (సీ, సీ++ కోడును ఆండ్రాయిడ్‌కు కట్టే కంపైలరు, లైబ్రరీల మూట) జిప్ ఫైలు. వందల ఎంబీ ఉంటుంది. ఫోను హాట్‌స్పాట్ మీద కాకుండా మంచి లైను ఉన్న చోట దించుకోండి.
- సీమేక్, నింజా, మీసన్, పైథాన్ 3, పీకేజీ-కాన్ఫిగ్, మేక్.
- ఏడీబీ (ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు ఫైళ్లు పంపి, ఆదేశాలిచ్చే సాధనం), డేటా పోయే యూఎస్‌బీ కేబులు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బజారు నిండా ఉన్నాయి, ఏడీబీకి ఫోను కనబడకపోతే ముందు కేబులునే అనుమానించండి.
- ఒక స్టార్‌డిక్ట్ నిఘంటువు. దానికి ఐఎఫ్‌ఓ, ఐడీఎక్స్, డిక్ట్ అనే మూడు ఫైళ్లూ ఉండాలి.

ఎన్‌డీకే ఏ వెర్షన్ అంటే, ఆర్27 గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. ఇంటర్నెట్‌లో జీసీసీ కంపైలరుతో, "స్టాండలోన్ టూల్‌చైన్"తో (టూల్‌చైన్ అంటే కంపైలరు, లింకరు లాంటి పనిముట్ల సెట్టు) చేయమని చెప్పే పాత పాఠాలు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. ఆర్18లోనే జీసీసీని తీసేశారు, ఇప్పుడు ఉన్నది క్లాంగ్ ఒక్కటే. స్టాండలోన్ టూల్‌చైన్ అవసరం ఆర్19తోనే పోయింది.

3. ఫోను సంగతి తెలుసుకోండి

సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడు సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. ఫోను మీద అనుమతి అడిగినప్పుడు ఒప్పుకోండి.

తర్వాత ఏడీబీ షెల్‌లో గెట్‌ప్రాప్‌తో రెండు విషయాలు చూసి కాగితం మీద రాసుకోండి: సీపీయూ ఏబీఐ (ఫోను ఏ రకం ప్రోగ్రాములను నడపగలదో చెప్పే పేరు), ఎస్‌డీకే వెర్షన్ (ఆండ్రాయిడ్ ఏపీఐ అంకె ఇదే).

ఏబీఐ "ఆర్మ్64-వీ8ఏ" అని వస్తే మంచిది. "ఆర్మ్ఈఏబీఐ-వీ7ఏ" అని వస్తే అది 32 బిట్ ఆండ్రాయిడ్. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని చౌక ఫోన్లలో చిప్పు 64 బిట్‌దే, లోపలి ఆండ్రాయిడ్ మాత్రం 32 బిట్‌ది. డబ్బా మీద చిప్పు పేరు చూసి మోసపోకండి, గెట్‌ప్రాప్ మాటే నమ్మండి.

ఎస్‌డీకే వెర్షన్ 28 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పని తేలిక. 28 అంటే ఆండ్రాయిడ్ 9. జీలిబ్‌కు కావాల్సిన ఐకాన్వ్ (అక్షరాల ఎన్‌కోడింగ్ మార్చే) ఫంక్షన్లు బయోనిక్‌లోకి వచ్చింది అందులోనే. అంతకంటే పాత ఫోనైతే గ్నూ లిబ్‌ఐకాన్వ్‌ను కూడా మీరే కట్టుకోవాలి. ఈ పాఠమంతా ఆర్మ్64, ఏపీఐ 28 అనుకుని నడుస్తుంది.

4. రెండు వరసల ప్రోగ్రాముతో దారి తేల్చుకోండి

దీన్ని వదిలేసి సరాసరి పెద్ద ప్రాజెక్టుకు పోతారు. తర్వాత ఎర్రరు వస్తే అది టూల్‌చైన్‌దా, ప్రాజెక్టుదా తేలక తలపట్టుకుంటారు.

"నమస్తే" అని ప్రింట్ చేసే సీ ఫైలు ఒకటి రాయండి. ఎన్‌డీకే లోపల టూల్‌చైన్స్, ఎల్‌ఎల్‌వీఎం, ప్రీబిల్ట్ ఫోల్డర్లు దాటుకుని బిన్‌లోకి పోతే ప్రతి ఏబీఐకీ, ప్రతి ఏపీఐకీ ఒక క్లాంగ్ ఉంటుంది. "ఎయార్చ్64-లినక్స్-ఆండ్రాయిడ్28-క్లాంగ్" అన్నది మనకు కావాల్సింది. పేరులోనే 28 ఉంది చూడండి.

కంపైల్ చేశాక ఫైల్ అనే ఆదేశంతో చూడండి. ఆర్మ్ ఎయార్చ్64 అనీ, ఇంటర్‌ప్రెటర్ దగ్గర సిస్టమ్ బిన్‌లోని లింకర్64 అనీ చూపించాలి. ఏడీబీ పుష్‌తో ఫోను డేటా ఫోల్డరులోని లోకల్, అందులోని టెంప్‌లోకి పంపి, సీహెచ్‌మాడ్ చేసి నడపండి. ఎస్‌డీ కార్డు ఫోల్డరులో పెడితే "పర్మిషన్ డినైడ్" అంటుంది. అక్కడి నుంచి ప్రోగ్రాములు నడపనివ్వరు, ఎన్నిసార్లు సీహెచ్‌మాడ్ చేసినా లాభం లేదు.

ఈ మెట్టు దగ్గర వచ్చే ఫిర్యాదు ఒకటుంది. చిత్తూరు కుర్రాడు ఒకడు ఫోను నా ముందు పెట్టి, "అన్నా, ఫైలు కళ్ల ముందే ఉండాది, నడిపితే మాత్రం నో సచ్ ఫైల్ అంటా ఉండాది" అన్నాడు. అతని తప్పేమిటంటే, ఎన్‌డీకే దించుకోవడం ఎందుకని ఉబుంటులో దొరికే ఆర్మ్64 జీసీసీతో కంపైల్ చేశాడు. అది జీలిబ్‌సీ ఉన్న లినక్స్ కోసం కడుతుంది. ఆ ప్రోగ్రాము తనను లోడ్ చేయడానికి జీలిబ్‌సీ వాళ్ల లోడరును వెతుకుతుంది, అది ఆండ్రాయిడ్‌లో లేదు. లేని ఫైలు మన ప్రోగ్రాము కాదు, ఆ లోడరు. ఎర్రరులో ఆ ముక్క చెప్పరు. ఎన్‌డీకే క్లాంగ్‌తో మళ్లీ కట్టగానే నడిచింది.

5. డిపెండెన్సీల చెట్టు కాగితం మీద గీయండి

వేరే ఇంటికి క్యారియర్ కట్టి పంపేటప్పుడు ఆ ఇంట్లో ఏమున్నాయో కనుక్కుంటాం. ఇదీ అంతే, డిపెండెన్సీలంటే ప్రోగ్రాము ఆధారపడే లైబ్రరీలు. ఆండ్రాయిడ్‌లో జెడ్‌లిబ్ ఉంది, ఎన్‌డీకే దాన్ని వాడుకోనిస్తుంది. జీలిబ్ లేదు. పీసీఆర్‌ఈ2 లేదు. లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ లేదు. అనువాదాలకు వాడే లిబ్‌ఇంటిల్ కూడా లేదు.

మన చెట్టు ఇలా ఉంటుంది: ఎస్‌డీసీవీకి జీలిబ్, జెడ్‌లిబ్ కావాలి. జీలిబ్‌కు పీసీఆర్‌ఈ2, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, లిబ్‌ఇంటిల్ కావాలి. కట్టే వరస కింది నుంచి పైకి.

చెట్టు గీసేటప్పుడే కొమ్మలు కొట్టేయండి. ఎస్‌డీసీవీకి రీడ్‌లైన్ ఉంటే బాణం గుర్తులతో పాత మాటలు వెనక్కి తెచ్చుకోవచ్చు, లేకపోయినా మాట వెతుకుతుంది. తీసేయండి. అనువాద సందేశాలు కూడా ఆఫ్. మొదటిసారి ఎంత తక్కువ కడితే అంత మంచిది, తర్వాత ఒక్కొక్కటే కలుపుకోవచ్చు.

కట్టినవన్నీ ఒకే ఫోల్డరులో ఇన్‌స్టాల్ చేయాలి. హోమ్‌లో "ఫోన్‌రూట్" అని ఒకటి పెట్టుకోండి. ప్రతి ప్రాజెక్టుకూ ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) ఇదే. సూడోతో ఇన్‌స్టాల్ చేయకండి. ప్రిఫిక్స్ మరిచిపోయిన రోజున సూడో లేకపోతే ఎర్రరు వచ్చి ఆగిపోతుంది, ఉంటే ఫోను లైబ్రరీలు మీ ల్యాప్‌టాప్ సిస్టంలోకి చేరిపోతాయి.

6. పీకేజీ-కాన్ఫిగ్ నోరు కట్టండి

కట్టడానికి ముందు ఇది చేయాలి, అందుకే దీనికి విడిగా నంబరు ఇచ్చాను.

పీకేజీ-కాన్ఫిగ్ పని లైబ్రరీ ఎక్కడుందో చెప్పడం. అడిగితే అది ల్యాప్‌టాప్‌లోని జీలిబ్‌ను చూపిస్తుంది, దానికి ఫోను సంగతి తెలియదు. చాలామంది పీకేజీ-కాన్ఫిగ్ "పాత్" వేరియబుల్‌కు (షెల్ పాత్ కాదు) ఫోన్‌రూట్ ఇస్తారు. అది చాలదు. పాత్ అన్నది ఉన్న జాబితాకు ముందు చేరుతుందే తప్ప ల్యాప్‌టాప్ చోట్లను తీసేయదు. పీకేజీ-కాన్ఫిగ్ "లిబ్‌డిర్" వేరియబుల్‌కు ఫోన్‌రూట్‌లోని పీకేజీకాన్ఫిగ్ ఫోల్డరు ఇవ్వండి, అప్పుడు పాత జాబితా మొత్తం పోయి ఇదొక్కటే మిగులుతుంది.

నేనూ ఒకసారి పాత్‌తో సరిపెట్టి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. కంపైల్ అంతా సాఫీగా జరిగింది, చివర్లో లింకరు "ఇన్‌కంపాటిబుల్ విత్ ఎయార్చ్64లినక్స్" అంది. హెడర్లు ల్యాప్‌టాప్‌వే అయినా రెండూ 64 బిట్ కాబట్టి అప్పటిదాకా ఏ కేకా పెట్టలేదు.

సరిచూసుకోవడం సులువు. లిబ్‌డిర్ పెట్టాక, ఏమీ కట్టకముందే, జీలిబ్ ఉందా అని పీకేజీ-కాన్ఫిగ్‌ను అడగండి. "లేదు" అనాలి. ఉందంటే మీ సెట్టింగు పనిచేయలేదన్నమాట.

7. కట్టే వరస

*7.1 లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, ఆటోటూల్స్‌తో*

గిట్ నుంచి కాకుండా విడుదల చేసిన టార్ ఫైలు తీసుకోండి, అందులో కాన్ఫిగర్ స్క్రిప్టు తయారుగా ఉంటుంది. సీసీకి మన క్లాంగ్, ఏఆర్‌కు ఎల్‌ఎల్‌వీఎం-ఏఆర్, రాన్‌లిబ్‌కు ఎల్‌ఎల్‌వీఎం-రాన్‌లిబ్ ఇవ్వండి. హోస్ట్ "ఎయార్చ్64-లినక్స్-ఆండ్రాయిడ్". ఇక్కడ 28 రాయకూడదు, అది కంపైలరు పేరులో మాత్రమే. షేర్డ్ (విడి ఎస్‌ఓ ఫైలుగా ఉండే లైబ్రరీ) ఆఫ్, స్టాటిక్ (పైదానిలోనే కలిసిపోయే లైబ్రరీ) ఆన్, పిక్ (ఎస్‌ఓలో కలపడానికి వీలైన కోడు) ఆన్. తర్వాత మేక్, మేక్ ఇన్‌స్టాల్.

కాన్ఫిగర్ మొదట్లోనే "క్రాస్ కంపైలింగ్: ఎస్" అనే వరస కనబడాలి. "నో" అంటే అక్కడే ఆపేయండి, ముందుకు పోయి లాభం లేదు.

*7.2 పీసీఆర్‌ఈ2, సీమేక్‌తో*

ఎన్‌డీకేలో బిల్డ్, దాని కింద సీమేక్ ఫోల్డరులో ఆండ్రాయిడ్ టూల్‌చైన్ ఫైలు ఉంటుంది. దాన్ని టూల్‌చైన్ ఫైలుగా చూపించి, ఏబీఐ ఆర్మ్64-వీ8ఏ, ప్లాట్‌ఫామ్ ఆండ్రాయిడ్-28 ఇవ్వండి. టెస్టులు ఆఫ్, స్టాటిక్ లైబ్రరీ చాలు.

తప్పు ఆప్షన్ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే బిల్డ్ ఫోల్డరు మొత్తం చెరిపేయండి. టూల్‌చైన్ ఫైలును సీమేక్ మొదటిసారే పట్టించుకుంటుంది, పాత క్యాషే ఉంటే కొత్తగా ఇచ్చినది చెవికెక్కదు.

*7.3 జీలిబ్, మీసన్‌తో*

మీసన్‌కు ఆప్షన్లన్నీ ఒక క్రాస్ ఫైలులో రాసివ్వాలి. ఇవి ఉండాలి:

- బైనరీల భాగంలో సీ, సీ++ కంపైలర్లు, ఏఆర్, స్ట్రిప్, పీకేజీ-కాన్ఫిగ్.
- హోస్ట్ మెషీన్ భాగంలో సిస్టమ్ ఆండ్రాయిడ్, సీపీయూ ఫ్యామిలీ ఎయార్చ్64, ఎండియన్ లిటిల్.
- ప్రాపర్టీల భాగంలో పీకేజీ-కాన్ఫిగ్ లిబ్‌డిర్, ఫోన్‌రూట్ చూపిస్తూ.

సిస్టమ్ దగ్గర "లినక్స్" అని రాస్తే ఫోన్లో లేనివాటిని వెతుక్కుంటూ పోతుంది. టెస్టులు, ఇంట్రోస్పెక్షన్, ఎస్‌ఈలినక్స్, లిబ్‌మౌంట్ ఆఫ్ చేయండి. లిబ్‌ఇంటిల్ దొరక్కపోతే జీలిబ్ తనే ప్రాక్సీ-లిబ్‌ఇంటిల్ అనే చిన్న బదులు లైబ్రరీని దించుకుని కట్టుకుంటుంది, ఆ సమయానికి నెట్ ఉండాలి.

జీలిబ్‌ను మాత్రం షేర్డ్‌గా కట్టండి. స్టాటిక్‌గా కడితే దాని కింద ఉన్న పీసీఆర్‌ఈ2 లాంటివాటి పేర్లు కూడా పై ప్రోగ్రాము లింకు వరసలో రాయాల్సి వస్తుంది. డెస్క్‌టాప్ ప్రాజెక్టుల సీమేక్ ఫైళ్లు సాధారణంగా అంత దూరం ఆలోచించి రాసి ఉండవు, "అన్‌డిఫైన్డ్ సింబల్" వరదలా వస్తుంది.

*7.4 ఎస్‌డీసీవీ*

మళ్లీ సీమేక్, 7.2లో ఇచ్చిన ఆప్షన్లే. ఇది సీ++ ప్రోగ్రాము. ఎన్‌డీకే టూల్‌చైన్ ఫైలు సీ++ లైబ్రరీని మామూలుగా స్టాటిక్‌గానే కలుపుతుంది, దాన్ని అలాగే ఉంచండి. రీడ్‌లైన్, ఎన్‌ఎల్‌ఎస్ (అనువాద సందేశాలు) ఆఫ్.

ఇతర ప్రాజెక్టుల్లో సీమేక్ "దొరకలేదు" అని మొండికేస్తే ఒక మాట గుర్తుంచుకోండి. ఎన్‌డీకే టూల్‌చైన్ ఫైలు ల్యాప్‌టాప్ దారులను మూసేస్తుంది, దాంతో ప్రిఫిక్స్ పాత్ ఇచ్చినా పట్టించుకోదు. ఫైండ్ రూట్ పాత్‌కు ఫోన్‌రూట్‌ను ఇవ్వాలి.

8. ఫోన్లో నడపడం

టెంప్‌లో ఒక ఫోల్డరు చేసి ఎస్‌డీసీవీనీ, ఫోన్‌రూట్ లిబ్‌లోని ఎస్‌ఓ ఫైళ్లన్నింటినీ, నిఘంటువునూ పంపండి. ఎల్‌డీ లైబ్రరీ పాత్‌కు ఆ ఫోల్డరు ఇచ్చి, డేటా డైరెక్టరీ ఆప్షన్‌తో నిఘంటువు చూపించి నడపండి.

"కెనాట్ లింక్ ఎగ్జిక్యూటబుల్" అని వస్తే అదే వరసలో ఏ లైబ్రరీ లేదో పేరుతో సహా ఉంటుంది, పంపండి. ముందే తెలుసుకోవాలంటే ఎల్‌ఎల్‌వీఎం-రీడెల్ఫ్‌తో "నీడెడ్" వరసలు చూడండి. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తే ఎస్‌డీసీవీకి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ యూటీఎఫ్-8 అని చెప్పే ఆప్షన్లు ఉన్నాయి, అవి ఇవ్వండి.

9. తెలుగు దగ్గర బయటపడే రెండు లోపాలు

ఇంగ్లిష్ మాటలతో పరీక్షిస్తే ఇవి ఎప్పటికీ కనబడవు.

మొదటిది క్యార్ సైన్, అంటే సీ భాషలో ఒక బైటు పట్టే క్యార్ రకానికి ప్లస్, మైనస్ సంగతి. ల్యాప్‌టాప్ ఎక్స్86లో క్యార్ మైనస్ విలువ తీసుకోగలదు. ఆండ్రాయిడ్ ఆర్మ్‌లో తీసుకోలేదు, 0 నుంచి 255 దాకానే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడు బైట్లు, మూడూ 127 కంటే పెద్దవే. "బైటు సున్నా కంటే తక్కువైతే ఇంగ్లిష్ కాదు" అని రాసిన పాత కోడు ల్యాప్‌టాప్‌లో పనిచేసి, ఫోన్లో తెలుగును ఇంగ్లిష్ అనుకుని ముక్కలు చేస్తుంది. తాత్కాలికంగా కంపైలరుకు సైన్డ్-క్యార్ ఫ్లాగు ఇవ్వండి, తీరికగా ఆ కోడులో అన్‌సైన్డ్ క్యార్ అని దిద్దండి. అనుమానం తీర్చుకోవడానికి ఫోను కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోనే అన్‌సైన్డ్-క్యార్ ఫ్లాగుతో కట్టి చూస్తే అదే లోపం అక్కడే దొరికిపోతుంది.

రెండోది ఒత్తులు. విండో ఉన్న ప్రోగ్రాములకే ఇది. ఫ్రీటైప్ ఒక్కటే ఉంటే అక్షరాలు గీస్తుంది గానీ ఒత్తులు కట్టదు, ఆ పని హార్ఫ్‌బజ్‌ది. డిపెండెన్సీలు తగ్గించేటప్పుడు హార్ఫ్‌బజ్‌ను కొట్టేయకండి. పరీక్షకు "తిరుపతి" అని రాస్తే చాలదు, అందులో ఒత్తు లేదు. "చిత్తూరు" రాయండి, లోపం ఉంటే త పొల్లు విడిగా నిలబడి కనబడుతుంది. అది దాటితే "శ్రీకాళహస్తి".

10. తరచూ వచ్చే ఎర్రర్లు, మందులు

- ఎల్‌పీథ్రెడ్, ఎల్‌ఆర్‌టీ దొరకలేదు: ఆండ్రాయిడ్‌లో అవి విడి లైబ్రరీలు కావు, బయోనిక్‌లోనే కలిసి ఉన్నాయి. లింకు వరస నుంచి తీసేయండి.
- పీథ్రెడ్ క్యాన్సిల్ లేదు: నిజంగానే లేదు, బయోనిక్‌లో పెట్టలేదు. కోడు మార్చాల్సిందే.
- ఆర్‌పీఎల్ మాలాక్ దొరకలేదు: క్రాస్ కంపైల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు పరీక్ష ప్రోగ్రామును నడపలేక మాలాక్ బాగాలేదని తీర్మానిస్తుంది. దానికి సంబంధించిన క్యాషే వేరియబుల్‌కు ముందే "ఎస్" అని ఇచ్చి కాన్ఫిగర్ నడపండి.
- ఆండ్రాయిడ్ పేరు గుర్తించలేదు: ప్రాజెక్టులో కాన్ఫిగ్ డాట్ సబ్ పాతది. గ్నూ వాళ్ల కొత్త ఫైలుతో మార్చండి.
- బిల్డ్ మధ్యలో ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్: ప్రాజెక్టు తను కట్టిన చిన్న సాధనాన్ని అప్పుడే నడపబోయింది, అది ఫోనుకు కట్టినది. ముందు ల్యాప్‌టాప్ కోసం ఒకసారి కట్టి, ఆ సాధనాన్ని రెండో బిల్డుకు చూపించాలి.
- టెంప్ ఫైలు తెరవలేకపోయింది: ఆండ్రాయిడ్ రూట్‌లో లినక్స్‌కు ఉన్నట్టు టెంప్ ఉంటుందని నమ్ముకోకూడదు. కోడులో దారి నేరుగా రాసి ఉంటే మార్చండి.

ప్రోగ్రాము నడుస్తూ కూలిపోతే లాగ్‌క్యాట్ పట్టుకుని, ఎన్‌డీకే-స్టాక్‌కు ఇస్తే ఏ ఫైలు, ఏ వరస అన్నది చెబుతుంది. దానికి స్ట్రిప్ చేయని (డీబగ్ వివరాలు తీసేయని) ఎస్‌ఓ ఫైళ్లు కావాలి. అందుకే స్ట్రిప్ చేసే ముందు ఒక కాపీ దాచండి.

11. విండో ఉన్న ప్రోగ్రామైతే

ఇంజిను ఇలా టెర్మినల్‌లో నడిచాకే విండో జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏది కూలిందో తెలియదు.

క్యూట్‌లో రాసినవి అన్నిటికంటే సులువు. క్యూట్ 6కు ఆండ్రాయిడ్ బిల్డుతో పాటు అదే వెర్షన్ ల్యాప్‌టాప్ బిల్డు కూడా కావాలి, క్యూట్ హోస్ట్ పాత్‌లో దాన్ని చూపించాలి. ఇక్కడ హోస్ట్ అంటే ల్యాప్‌టాప్! ఆటోటూల్స్‌కు తలకిందులు, ఏం చేస్తాం. ఎస్‌డీఎల్ వాడిన ఆటలూ తేలికే. జీటీకే ప్రోగ్రాములైతే మొదటి ప్రయత్నానికి ఎంచుకోవద్దనే చెబుతాను.

ఏపీకేలో పెట్టేటప్పుడు రెండు నియమాలు. లైబ్రరీ పేరు "లిబ్"తో మొదలై "డాట్ ఎస్‌ఓ"తో ముగియాలి, చివర వెర్షన్ అంకె ఉండకూడదు. ఎస్‌డీసీవీ లాంటి విడి ప్రోగ్రామును యాప్ తన డేటా ఫోల్డరులోకి దించి నడపడం, టార్గెట్ ఎస్‌డీకే 29 నుంచి కుదరదు. దానికి కూడా లిబ్, డాట్ ఎస్‌ఓ వేషం వేసి లైబ్రరీల ఫోల్డరులో పెట్టి, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అవి విప్పబడేలా మానిఫెస్ట్‌లో చెప్పాలి.

12. ఇతరులకు ఇచ్చే ముందు

- ప్లే స్టోరుకైతే 64 బిట్ తప్పనిసరి, 2019 ఆగస్టు 1 నుంచి ఉన్న నియమం.
- ఆండ్రాయిడ్ 15 గానీ ఆపైది గానీ టార్గెట్‌గా ఉన్న కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ 16 కేబీ పేజీ సైజుకు సరిపోవాలి, ఇది 2025 నవంబరు 1 నుంచి. ఎన్‌డీకే ఆర్28 నుంచి ఇది దానంతటదే జరుగుతుంది. ఆర్27లో లింకరుకు మ్యాక్స్ పేజ్ సైజ్ 16384 అని ఇవ్వాలి, అదీ ప్రతి లైబ్రరీకి. రీడెల్ఫ్‌లో లోడ్ వరసల ఎలైన్ హెక్స్‌లో 4000 చూపించాలి, 1000 అంటే ఇంకా 4 కేబీలోనే ఉందని.
- ఎస్‌డీసీవీ జీపీఎల్ కింద ఉంది. ఏపీకే ఎవరికిస్తే వాళ్లకు సోర్సు కూడా అందుబాటులో ఉంచాలి. మీరు దిద్దిన మార్పులు, బిల్డ్ స్క్రిప్టులు అందులో భాగమే, కాబట్టి ఇప్పటిదాకా టెర్మినల్‌లో చేత్తో కొట్టిన ఆదేశాలను ఇవాళే ఒక షెల్ స్క్రిప్టులోకి ఎక్కించి, ఫోన్‌రూట్ చెరిపేసి, ఆ స్క్రిప్టుతోనే మొదటి నుంచి ఒకసారి కట్టి చూడండి.